‘సర్వర్ డౌన్’ కరువు కాదు, ఓర్చుకోవడానికి



పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి. బీటెక్ చదివేవాళ్ల కోసమే రాసింది కాదిది. డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్‌కి ప్రిపేరయ్యేవాళ్లు కూడా చదవాలి. ఎందుకంటే ఇది మన అవ్వల బియ్యం గురించి, మన అమ్మల కూలి గురించి, మన స్కాలర్‌షిప్పుల గురించి.

మన సీమలో కరువొస్తే ఎవరినీ అడగం. ఆకాశం దిక్కు చూస్తాం, ఓర్చుకుంటాం. ఓర్వలేకపోతే మూటాముల్లె కట్టుకుని సుగ్గికి పోతాం. తరాల నుంచి ఉన్న ఈ ఓర్పు ఇప్పుడు ఇంకోదానికి కూడా అంటుకుంది. స్టోరు కాడ మిషన్ ఆగిపోతే డీలరు “సర్వర్ డౌన్ అవ్వా, రేపు రా” అంటాడు. అవ్వ సంచి మడిచి చంకలో పెట్టుకుని తండాకు నడిచిపోతాది. కుల సర్టిఫికెట్ కోసం సచివాలయానికి పోతే “సైట్ ఓపెన్ అవుతాలేదు అప్పా” అంటారు. స్కాలర్‌షిప్ ఆఖరు తేదీ నాడు స్క్రీన్ మీద చక్రం గిర్రున తిరుగుతానే ఉంటాది. ఒక్కరూ ఒక్కరిని నిలదీయరు. వాన రాలేదన్నంత మామూలుగా సర్వర్ రాలేదంటాం, ఇంటికి పోతాం.

మేము కర్నూలు, కడప జిల్లాల తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి చదువుకున్నోళ్లం. కొందరం సాఫ్ట్‌వేర్ పనుల్లో ఉన్నాం, కొందరం ఇంకా హాస్టళ్లలో ఉన్నాం. మేమందరం కలిసి చెప్పేది ఒకటే. సర్వర్ డౌన్ ఆకాశం నుంచి పడేది కాదు. మనిషి చేసిన పనిలో లోపం అది. ఆ లోపానికి మందు ప్రపంచానికి తెలిసి పదిహేనేళ్లు దాటింది. ఆ మందు పేరే డెవాప్స్. తెలిసిన మందు వాడకపోవడం ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయానికి ఖరీదు కట్టేది మాత్రం మనం.

తాడు ఎవరి చేతిలో ఉంది?

నల్లమలలో మన చెంచు అన్నలు కొండచరియకు తాడు కట్టి, దానికి వేలాడుతూ తేనె తీస్తారు. పైన తాడు పట్టుకునేవాడు బావమరిది అయ్యుండాలని పెద్దలు చెప్తారు. కారణం తేలికే. తాడు జారితే పసుపుకుంకుమలు పోయేది తన తోడబుట్టినదానికి. అందుకని వాడు నిద్రపోడు, పరధ్యానంగా ఉండడు. కిందున్నోడి ప్రాణంలో తనకూ వాటా ఉంది.

సాఫ్ట్‌వేర్ లోకంలో చాలా కాలం ఈ బావమరిది లేడు. ప్రోగ్రాం రాసేవాళ్లు ఒక జట్టు. దాన్ని సర్వర్ల మీద పెట్టి నడిపేవాళ్లు ఇంకో జట్టు. రాసేవాళ్లకు కొత్తవి త్వరగా ఇస్తే మెప్పు. నడిపేవాళ్లకు ఏదీ చెడకుండా ఉంటే మెప్పు. వాళ్లు రాసి గోడ అవతలికి విసిరేస్తారు, వీళ్లు అర్ధరాత్రి కూర్చుని చేత్తో ఒక్కొక్క కమాండ్ కొట్టి పెడతారు. చెడిపోతే “నా మిషన్‌లో బాగానే పని చేసింది” అని వాళ్లు, “మీరిచ్చిందే పెట్టినాం” అని వీళ్లు. కింద వేలాడే మనిషి సంగతి ఇద్దరికీ పట్టదు.

2009 జూన్‌లో అమెరికాలో జరిగిన ఒక సదస్సులో ఫ్లికర్ కంపెనీ ఇంజనీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హేమండ్ లేచి, మేము రోజుకు పదికి పైగా సార్లు కొత్త మార్పులు జనంలోకి పంపుతున్నామని చెప్పినారు. మూడు నెలలకోసారి పంపడానికే వణికిపోయే రోజులవి. రాసేవాళ్లు, నడిపేవాళ్లు ఒకే జట్టుగా ఉండబట్టే ఇది కుదిరిందన్నారు. అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలోని గెంట్ ఊర్లో పాట్రిక్ డెబ్వా ఇదే విషయం మీద ఒక సభ పెట్టినాడు. డెవలప్‌మెంట్‌లో ముందు ముక్క, ఆపరేషన్స్‌లో ముందు ముక్క కలిపి డెవాప్స్ అనే పేరు అక్కడి నుంచి పాకింది. మన మాటల్లో చెప్పాలంటే, తాడు బావమరిది చేతికొచ్చింది. రాసినోడే నడిపే బాధ్యత కూడా పంచుకుంటాడు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే రాసినోడి ఫోన్ కూడా మోగుతాది.

విత్తనం నేరుగా చల్లుతామా?

ఈ పద్ధతిలో ఏముందో అర్థం కావాలంటే కంప్యూటర్ సైన్స్ అక్కర్లేదు, బుడ్డలు విత్తిన ఇంట్లో పుట్టింటే చాలు. విత్తనం కొనుక్కొచ్చి ఆ పూటే చేనంతా చల్లరు. వంద విత్తులు లెక్కబెట్టి, తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచినాయో చూస్తారు. డెబ్బై కూడా మొలవకుంటే ఆ మూట షాపుకు తిరిగిపోవాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ అంటే ఇదే. కాకపోతే ఇక్కడ గోనె విప్పి చూసే పని కూడా మిషన్‌కే అప్పజెప్తారు. ఎవరైనా ఒక్క లైను మార్చినా వందల పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. ఒక్కటి తప్పినా ఆ మార్పు ముందుకు పోదు.

మిగతావి కూడా ఇంతే సులువు. ఎవరు, ఎప్పుడు, ఏ లైను, ఎందుకు మార్చినారో చిట్టా ఉంటాది. దానికి గిట్ అనే సాధనం వాడతారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారు చేసినాడు, ఉచితం. మార్పును పరీక్షించి, మూట కట్టి, సర్వర్ మీద పెట్టేదాకా అన్ని మెట్లూ మిషనే ఎక్కుతాది. దాన్నే పైప్‌లైన్ అంటారు. జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ లాంటివి ఆ పని చేస్తాయి. రాసినోడి ల్యాప్‌టాప్‌లో ఉన్న వాతావరణమే సర్వర్‌లో కూడా ఉండేటట్టు డాకర్ మూట కడతాది. అది 2013లో వచ్చింది. అట్లాంటి మూటలు వందలు, వేలు ఉంటే వాటిని కాచే పని కుబర్నెటిస్‌ది, 2014లో గూగుల్ బయటపెట్టింది.

ఇవి సాధనాలు. అసలు పద్ధతి నాలుగు మాటల్లో ఉంది. ఒకటి, కొత్తదాన్ని ముందు కొద్దిమందికే ఇవ్వు, బాగుంటేనే అందరికీ ఇవ్వు. రెండు, చెడితే నిమిషాల్లో పాతదానికి వెనక్కి రా. మూడు, జనం వచ్చి చెప్పకముందే చెడిందని నీకే తెలియాలి. నాలుగు, చెడినాక ఎవడ్ని తీసేద్దామని వెతక్కుండా, ఎందుకు చెడింది, మళ్లీ చెడకుండా ఏం చేయాలని కాగితం మీద రాసి పెట్టు. ఈ నాలుగు లేకుండా జెంకిన్స్ ఉందని చెప్పుకునేవాడు, ట్రాక్టర్ కొని నాగలి కొననట్టే.

మూడు సంగతులు, ఒకే పాఠం

న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో నైట్ క్యాపిటల్ అని పెద్ద కంపెనీ ఉండేది. 2012లో వాళ్లకు ఎనిమిది సర్వర్లు. కొత్త ప్రోగ్రాంను మనిషి చేత్తో ఒక్కొక్క సర్వర్ మీద పెట్టినాడు. ఏడింటి మీద పెట్టి, ఎనిమిదో దాన్ని వదిలేసినాడు. ఇంకొకరు సరిచూడాలనే నియమం లేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదోది పాత ప్రోగ్రాంతో పిచ్చిపిచ్చిగా షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోయినాయి, కంపెనీ చేతులు మారింది. డబ్బున్నోడికి దెబ్బ తగిలింది కాబట్టి ప్రపంచమంతా ఆ పాఠం చదివింది. చేత్తో పెట్టే పనిలో మర్చిపోవడం ఎవరికైనా సహజం కాబట్టి, ఆ పని మిషన్‌కు ఇవ్వాలని అందరికీ అర్థమైంది.

రెండోది మన పక్క రాష్ట్రంలో. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినాయి. దాదాపు తొమ్మిది లక్షల డెబ్బై వేల మంది పిల్లలు. ఫలితాల లెక్క ఒక ప్రైవేటు సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టినారు. పరీక్ష రాసిన పిల్లలకు రాయలేదని వచ్చింది. తెలుగులో సున్నా వచ్చిన ఒకమ్మాయికి సరిచూస్తే 99 ఉన్నాయి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ లోపాలున్నాయని తేల్చింది. ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ మళ్లీ చూసి ఇచ్చే ఫలితాలకు మాత్రం ఇంకో స్వతంత్ర సంస్థ చేత సమాంతరంగా లెక్క కట్టించమని సిఫారసు చేసింది. అంటే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి, రెండు లెక్కలూ కలిసినాయా అని చూడడం. ఇది డెవాప్స్‌లో ఒకటో తరగతి పాఠం. తొమ్మిది లక్షల డెబ్బై వేల మంది మీదికి వదలక ముందు చేయాల్సిన పని, పాడెలు లేచినాక గుర్తొచ్చింది.

మూడోది 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ ఒక చిన్న ఫైల్‌ను ప్రపంచమంతటికీ ఒకేసారి పంపింది. 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అక్కడ ఆటోమేషన్ పుష్కలంగా ఉంది. లేనిది నిదానం. ముందు కొద్దిమందికి పంపి చూసే మెట్టు ఆ ఫైల్‌కు లేదు, ఆ తర్వాతే పెట్టుకున్నారు. మిషన్ పనిని వేగంగా చేస్తాది. తప్పును కూడా అంతే వేగంగా చేస్తాది. కాబట్టి “మేము అన్నీ ఆటోమేట్ చేసినాం” అనే మాటకు చప్పట్లు కొట్టొద్దు. ముందు ఎంతమందికి పంపి చూసినారని అడగండి.

ఆ రోజే మన హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో ఇంకోటి జరిగింది. కంప్యూటర్లు ఆగిపోతే సిబ్బంది పెన్ను తీసి, బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చి ప్రయాణికుల్ని విమానం ఎక్కించినారు. ఆ చేతిరాత పాసు ఫోటో దేశమంతా తిరిగింది. మంచిపనే, మేము కాదనం. మా ప్రశ్న ఇది: విమానం ఎక్కేవాడికి పెన్ను దొరికింది. స్టోరు కాడ అవ్వకు ఎందుకు దొరకదు? అక్కడ సర్వర్ పడిపోతే పని ఆగలేదు, ఇక్కడ సర్వర్ పడిపోతే పొయ్యి ఆగుతాది. రూల్సులో వేరే దారి ఎక్కడో రాసే ఉంటాది. దాన్ని అవ్వకు చెప్పేవాడుండడు.

మన మీదికి వదిలిన యాప్

ఉపాధి హామీ పథకం మొదలైంది మన సీమలోనే, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అప్పుడు మస్టర్ కాగితం మీద ఉండేది. దాంట్లో దొంగలెక్కలు ఉండేవి, మాకు తెలుసు, దాచం. 2021 మేలో హాజరు కోసం ఎన్ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చినారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనుల దగ్గరా తప్పనిసరి చేసినారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీయాలని, స్థలం వివరంతో సహా ఎక్కించాలని పెట్టినారు. ఆ ఫిబ్రవరిలోనే దేశం నలుమూలల నుంచి కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజుల ధర్నాకు కూర్చున్నారు. వాళ్ల డిమాండ్లలో ఈ యాప్ ముందు వరసలో ఉంది.

ఫోటో ఎక్కకపోతే? మినహాయింపు ఇచ్చే అధికారం జిల్లా స్థాయిలో పెట్టినారు. పత్తికొండ వైపు తండాలో గుట్ట కింద నిలబడిన మేట్ అక్కకు కలెక్టరాఫీసు ఎంత దూరమో ఆ రూలు రాసినోళ్లకు తెలుసా? 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 300 రూపాయలు. వంద మంది ఉన్న పని దగ్గర ఒక్కరోజు హాజరు పడకపోతే ముప్పై వేలు. ఒక ఇంజనీరు జీతంలో అదెంతో మాకు తెలియదు కాదు. తండాలో మాత్రం అది వంద ఇళ్ల వారం సరుకులు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ మనిషి వేయాల్సిన ప్రశ్న వేద్దాం. ఈ యాప్‌ను ఎక్కడ పరీక్షించినారు? ఏసీ గదిలో ఫైబర్ నెట్ మీదా, లేక బైర్లూటి గూడెంలో ఒక గీత వచ్చి పోయే సిగ్నల్ మీదా? సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లో దాచుకుని, సిగ్నల్ వచ్చినప్పుడు దానంతటదే పంపే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో కొత్త విద్య కాదు. అది ఎంతసేపు నిలుస్తాది, ఫోన్ ఆగిపోతే ఏమవుతాది అని గుట్టల మధ్య పరీక్షించాలి. కొత్త వెర్షన్ వచ్చిన రోజు పాత ఫోన్ మీద తెరుచుకుంటాదా అని చూడాలి. డెవాప్స్ చెప్పేది ఇదే. జనం వాడే చోటుకు ఎంత దగ్గరగా పరీక్షిస్తే అంత నిజం బయటపడతాది.

ఇంకో సంగతి. ఒకటో తేదీన పింఛన్లు, ఒకటి నుంచి పదిహేను దాకా బియ్యం. స్కాలర్‌షిప్ ఆఖరు తేదీ ముందే ప్రకటిస్తారు. అంటే ఏ రోజు ఎంతమంది వచ్చి పడతారో క్యాలెండర్‌లోనే ఉంది. తిరునాళ్ల తేదీ తెలిసి కూడా ఒకే బస్సు వేసి, “జనం ఎక్కువొచ్చినారు, మేమేం చేయాల” అంటే ఒప్పుకుంటామా? రద్దీ ముందే తెలిసినప్పుడు సర్వర్లు పెంచుకోవడం, ముందే ఉత్తుత్తి రద్దీ సృష్టించి పరీక్షించడం ఇప్పుడు మామూలు పని.

2025 జనవరి 30న మన రాష్ట్రంలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలైనాయి. తర్వాత ఇంకా పెంచుతా పోయినారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే మంచిదే. కానీ బతుకంతా ఫోన్‌లోకి పోతా ఉన్నప్పుడు, ఆ ఫోన్ వెనక తాడు పట్టుకున్నోడు ఎవడో తెలుసుకునే హక్కు మనకు రోజురోజుకు ఎక్కువ అవసరమవుతాది.

మాకు ఎదురు చెప్పేవాళ్లకు

“ప్రభుత్వంలో ఇవన్నీ యాడ కుదురుతాయి?” అంటారు. కుదిరినాయి. 2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం ఒక వెబ్‌సైట్ తెరిచింది. కోట్ల డాలర్లు పోసి కట్టింది. మొదటిరోజు పూర్తిగా నమోదు చేసుకోగలిగింది ఆరుగురు. పరువు పోయినాక రాసేవాళ్లను, నడిపేవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి, మానిటరింగ్ పెట్టి, రెండు నెలల్లో నిలబెట్టినారు. మరుసటి ఏడాది ప్రభుత్వం లోపలే దీనికోసం ఒక విభాగం పెట్టుకున్నారు. పరువు పోయిందని వాళ్లకు అనిపించింది కాబట్టి మారింది. మన దగ్గర ఎవరి పరువూ పోవడం లేదు, ఎందుకంటే మనం అడగడం లేదు.

“మార్పులు తగ్గిస్తే చెడేదీ తగ్గుతాది కదా” అంటారు. వినడానికి బాగుంది గానీ తప్పు. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ కొన్నేళ్లు వేల మంది నుంచి వివరాలు సేకరించి 2018లో పుస్తకంగా తెచ్చినారు. తరచుగా, చిన్న చిన్న మార్పులు పంపే జట్లే తక్కువ చెడగొడతాయి, చెడినా త్వరగా బాగుచేస్తాయి అని తేలింది. ఆరు నెలల మార్పులు మూట కట్టి ఒకేసారి పడేస్తే, ఏ ముక్క వల్ల చెడిందో వెతకడానికే వారం పడతాది.

“ఆటోమేషన్ వస్తే మన పిల్లల ఉద్యోగాలు పోతాయి” అంటారు. కొన్ని పోతాయి, ఊరికే ధైర్యం చెప్పం. రాత్రి షిఫ్టులో కూర్చుని లిస్టు చూసి కమాండ్లు కొట్టే పని, ఎర్రలైటు వస్తే మెయిల్ పెట్టే పని తగ్గిపోతా ఉంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మనోళ్లకు ఎక్కువగా దొరికేవి ఆ ఉద్యోగాలే. అందుకే దీన్ని చూసి దూరం జరిగితే దెబ్బ మొదట మనకే. ఆ మిషన్‌కు పని చెప్పేవాడిగా మారడమే దారి. ప్రైవేటులో మనకు రిజర్వేషన్ లేదు. మన బియ్యం, మన కూలి, మన చదువు నడిపే సాఫ్ట్‌వేర్ టెండర్ల మీద ప్రైవేటు చేతుల్లోకి పోతాది. ఆ గదిలో తండా మనిషి ఒక్కడుంటే “సిగ్నల్ లేని చోట ఏమవుతాది?” అనే ప్రశ్న మొదటి రోజే వస్తాది. లేకపోతే ధర్నా అయినాక వస్తాది.

“నలభై ఐదు రోజుల్లో డెవాప్స్” అమ్మేవాళ్లకు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తలెత్తితే బోర్డులే. అక్కడ నిజాయితీగా చెప్పే సార్లు ఉన్నారు, వాళ్ల దగ్గర నేర్చుకుని నిలదొక్కుకున్నోళ్లు మనలోనే ఉన్నారు. మేము అనేది వాళ్లను కాదు. కోర్సుతోపాటు మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ కాగితం కూడా ఇప్పిస్తామని చెప్పేవాళ్లను. బర్రె అమ్మి ఫీజు కట్టిన ఇంటి పిల్లోడు ఆ కాగితంతో ఉద్యోగంలో చేరితే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిన రోజు పోయేది వాడి ఉద్యోగం ఒక్కటే కాదు. ఇంకో తండా నుంచి వచ్చేవాడి మీద కూడా అనుమానం పడతాది. అమ్మినోడి బోర్డు మాత్రం వెలుగుతానే ఉంటాది.

ఇంకో మాట. డెవాప్స్ పద్ధతి. పది సాధనాల పేర్లు బట్టీ పడితే ఈత పుస్తకం చదివి బావిలో దూకినట్టే. ఏం చేయాలో మేము చెప్తాం, దీనికి ఫీజు లేదు. పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి లైనక్స్ ఎక్కించండి, అదే మీ సర్వర్. ముందు లైనక్స్ కమాండ్లు, ఆ తర్వాత గిట్, ఆ తర్వాత కొద్దిగా పైథాన్. మన సంఘానికి పనికొచ్చే చిన్న సైట్ ఒకటి కట్టండి. స్కాలర్‌షిప్ తేదీలు, హాస్టల్ సీట్ల వివరాలు, ఏదైనా సరే. మార్పు చేయగానే దానంతటదే పరీక్షించుకుని పైకి పోయేటట్టు పైప్‌లైన్ పెట్టండి. అందరికీ కనిపించే ప్రాజెక్టులకు గిట్‌హబ్ యాక్షన్స్ ఉచితమే. తర్వాత కావాలని చెడగొట్టండి. ఎన్ని నిమిషాల్లో వెనక్కి తెచ్చినారో రాసుకోండి. ఇంటర్వ్యూలో ఆ ఒక్క కథ పది దొంగ కాగితాల కంటే బరువు. ఒక జాగ్రత్త: క్లౌడ్‌లో ఫ్రీ అకౌంట్ అని కార్డు నంబరిచ్చి, నడిపిన సర్వర్‌ను ఆపడం మర్చిపోతే బిల్లు మీ ఇంటికొస్తాది. ఇడుపులపాయ, కర్నూలు ట్రిపుల్‌ఐటీల్లో, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలు ఊరికి ఇద్దరు జూనియర్లకు దీన్ని నేర్పితే చాలు.

మనం అడగాల్సినవి

ప్రభుత్వాన్ని, ఏ పార్టీదైనా సరే, ఈ ఆరు అడుగుదాం.

1. కొత్త వెర్షన్ ఏదైనా ముందు ఒక్క మండలంలో వదలాలి. ఆ మండలంలో సిగ్నల్ సరిగా లేని తండా, గూడెం ఉండి తీరాలి.

2. నెల మొదటి రోజుల్లో, దరఖాస్తుల ఆఖరు రోజుల్లో కొత్త మార్పులు పెట్టకూడదు.

3. ఏ సేవ నడుస్తా ఉంది, ఏది ఆగింది, ఎప్పటికి వస్తాది అని తెలుగులో అందరికీ కనిపించే పేజీ ఉండాలి.

4. సైట్ ఎన్ని గంటలు ఆగితే ఆఖరు తేదీ అంత పొడుగు దానంతటదే పెరగాలి. అర్జీ పెట్టుకుని అడుక్కునే పని ఉండకూడదు.

5. సర్వర్ ఆగితే కాగితం మీద పని జరగాలి. ఆ పద్ధతి స్టోరు గోడ మీద, సచివాలయం గోడ మీద పెద్దక్షరాల్లో రాయాలి. ఎవరినీ ఉత్త చేతులతో పంపకూడదు.

6. పెద్దగా చెడిన ప్రతిసారీ ఎందుకు చెడిందో రిపోర్టు బయటపెట్టాలి. డీలరునో, ఆపరేటర్ పిల్లోడినో సస్పెండ్ చేసి చేతులు దులుపుకోకూడదు. తిట్లు తినేది వాళ్లే, తాడు వాళ్ల చేతిలో లేదు.

ఇవి గాల్లో అడిగితే గాల్లోనే పోతాయి. కాబట్టి మనమే మానిటరింగ్ పెట్టుకుందాం. తండాకు ఒక నోటుబుక్కు. ఏ తేదీ, ఏ టైం, ఏ సేవ, మిషన్ మీద ఏం చూపించింది, ఎంతమంది తిరిగి పోయినారు, మళ్లీ ఎప్పుడొచ్చింది. ఈ ఆరు గీతలు చాలు. కంపెనీలు లక్షలు పోసి కొనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది కూడా ఇదే, ఎన్నిసార్లు చెడింది, ఎంతసేపట్లో బాగైంది. మూడు నెలల లెక్క చేతిలో పెట్టుకుని 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. ఆ రోజు కొత్త వెర్షన్ పెట్టినారా, ఎక్కడ పరీక్షించినారు, వెనక్కి వచ్చే ఏర్పాటు ఉందా, టెండర్‌లో సేవ ఆగితే జరిమానా ఎంత? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఫీజు లేదు. వేలిముద్ర పడకపోవడం వేరే సమస్య, దాన్ని వేరే గీతలో రాయండి. రెండూ కలిపితే వాళ్లకు తప్పించుకునే సందు దొరుకుతాది.

డీఎస్సీ చదివే తమ్ముడు లెక్క రాయగలడు. గ్రూప్స్ చదివే అక్క అర్జీ రాయగలదు. బీటెక్ చదివే చెల్లెలు ఆ లెక్కల్ని ఒక పట్టికగా కట్టగలదు. అందరికీ పని ఉంది.

కరువొస్తే ఆకాశం దిక్కు చూసినాం, వేరే దారి లేక. సర్వర్ డౌన్ అన్నప్పుడు ఆకాశం దిక్కు చూడొద్దు. తేదీ చూడండి, టైం చూడండి, సంతకం ఎవరిదో చూడండి. వచ్చే ఒకటో తేదీకల్లా తండాకు ఒక నోటుబుక్కు కొనండి. మొదటి గీత ఆ రోజే పడాలి.

– మీ తండాల, గూడేల విద్యార్థి మిత్రులం